‘ఘర్ మే ఉర్దూచ్ బోల్తే నా?’: ఒకే సఫ్‌లో నిలబడేవాళ్ల మధ్య గోడలు

2022 చివర్లో మా చిన్నాయన బిడ్డను చూసుకోవడానికి నల్లగొండ నుంచి ఒక కుటుంబం వచ్చింది. పిల్ల నర్సింగ్ చదివింది, అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫొటోలు ముందే నచ్చాయి. లేన్‌దేన్, అంటే కట్నకానుకల, మాట ఎవరూ ఎత్తలేదు. చాయ్ కూడా అయిపోయింది. లేవబోతూ అబ్బాయి తల్లి మా చిన్నమ్మ వైపు తిరిగి నవ్వుతూ అడిగింది: “ఘర్ మే ఉర్దూచ్ బోల్తే నా?” ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే కదా అని.

చిన్నమ్మ చేతిలో ఖాళీ కప్పుల ట్రే ఉంది. ఒక క్షణం ఆగి, “పిల్లకు మంచిగొస్తదమ్మా” అంది తెలుగులో. ఆమె ఏ భాషలో చెప్పిందన్నదే వాళ్లకు కావలసిన జవాబు. వారం తర్వాత మధ్యవర్తి ఫోన్ చేసి, వాళ్లు వేరే సంబంధం ఖాయం చేసుకున్నారని చెప్పాడు.

మా వైపు ‘ఇంట్లో ఏ భాష’ అని అడిగితే ‘మీరు ఏ రకం ముస్లింలు’ అని అడిగినట్టే. ‘మీరు దూదేకులోళ్లా?’ అని ముఖం మీద అడగడం బాగుండదు కాబట్టి జనం ఇలా అడుగుతారు. మేం దూదేకులవాళ్లమే. మా తాత దూది ఏకాడు. ఇంట్లో మాది తెలుగే.

బయటివాళ్లకు ముస్లింలంటే ఒకే ముద్దగా కనిపిస్తారు. ‘సాయిబులు’ అనో ‘తురకోళ్లు’ అనో ఒక్క మాటతో తేల్చేస్తారు. లోపలివాళ్లను అడిగితే ‘ఇస్లాంలో కులం లేదు’ అంటారు. ఆ మాట అబద్ధమని నేననను. మసీదులో కలెక్టర్ పక్కన కూలీ, మటన్ కొట్టేవాడి పక్కన డాక్టర్ భుజానికి భుజం ఆనించి ఒకే సఫ్‌లో, అంటే ఒకే నమాజు వరుసలో, నిలబడతారు. చిన్నప్పటి నుంచి నేనూ అలాగే నిలబడ్డాను. సలాం తిప్పి నమాజు ముగించి, చెప్పులేసుకుని మసీదు మెట్లు దిగిన తర్వాత ఏం జరుగుతుందన్నదే నా ప్రశ్న.

ధర్మం ఏమంది, మనుషులు ఏం చేశారు

ఖురాన్‌లో నలభై తొమ్మిదో అధ్యాయం, సూరా హుజురాత్. దాని పదమూడో వాక్యం అర్థం ఇది: మిమ్మల్ని ఒక పురుషుడి నుంచి, ఒక స్త్రీ నుంచి పుట్టించాం, మీరు ఒకరినొకరు గుర్తుపట్టుకోవడానికి జాతులుగా, తెగలుగా చేశాం, మీలో దైవభీతి ఎక్కువ ఉన్నవారే దేవుడి దగ్గర గొప్పవారు. ఈ వాక్యం ప్రతి ఉపన్యాసంలో వినిపిస్తుంది. దానికి రెండు వాక్యాల ముందున్న మాట మాత్రం నేను ఉపన్యాసాల్లో విన్నది తక్కువ: ఒక సమూహం ఇంకో సమూహాన్ని ఎగతాళి చేయవద్దు, కించపరిచే పేర్లతో పిలుచుకోవద్దు. ఆ మాట మా ఇంటికి ఎంత దగ్గరిదో కాసేపట్లో చెప్తాను.

632లో ప్రవక్త ముహమ్మద్ చివరి హజ్ సందర్భంగా చేసిన ప్రసంగం ఇంకా సూటిగా ఉంటుంది. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద ఏ గొప్పతనమూ లేదు, ఉంటే దైవభీతి వల్లే. ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే ఎదుట ఉన్నవాళ్లలో ఆ జబ్బు ఉందనే కదా. ఉంది కూడా. అబూజర్ అనే గొప్ప సహాబీ, అంటే ప్రవక్త సహచరుడు, ఒక మనిషిని అతని తల్లి పేరు పెట్టి కించపరిచాడు. ప్రవక్త అతనితో ‘నీలో ఇంకా జాహిలియా ఉంది’ అన్నట్టు బుఖారీ హదీసులో, అంటే ప్రవక్త మాటలు, చేతల సంకలనంలో, ఉంది. జాహిలియా అంటే ఇస్లాంకు ముందు కాలపు అజ్ఞానం. అంత దగ్గరి శిష్యుడికే ఆ మాట పడింది. 630లో మక్కా చేతికి వచ్చినప్పుడు కాబా మీదికెక్కి అజాన్ ఇమ్మని చెప్పింది అబిసీనియా మూలాలున్న, ఒకప్పుడు బానిసగా బతికిన బిలాల్‌కు. ప్రవక్త సొంత తెగ ఖురేషీ పెద్దలు కింద నిలబడి చూశారు.

మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చాలా తొందరగానే వచ్చింది. ప్రవక్త పోయిన కొన్ని దశాబ్దాలకే ఉమయ్యద్ రాజ్యంలో అరబ్బేతర ముస్లింలను ‘మవాలీ’ అని వేరు చేశారు. మతం మారినా చాలాచోట్ల వాళ్ల నుంచి ముస్లిమేతరులు కట్టే జిజియా పన్ను వసూలు చేశారు. 717లో గద్దెనెక్కిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అది తప్పని ఆపాడు. 869లో బస్రా దగ్గర ఉప్పు నేలల్లో పనిచేసే నల్లజాతి బానిసలు తిరగబడితే ఆ పోరు పద్నాలుగేళ్లు నడిచింది. రాజ్యం పెరిగేకొద్దీ వంశం విలువ పెరిగింది.

మా చిన్నమ్మ ఇంటి దాకా వచ్చిన ఆ ప్రశ్నకు మూలం మాత్రం ఇంకో చోట ఉంది. ఫిఖహ్‌లో, అంటే ధర్మశాస్త్రంలో, ‘కుఫూ’ అనే మాట ఉంది. పెళ్లిలో జోడీ సరిసమానంగా ఉండాలని దాని అర్థం. పిల్ల తన కంటే మరీ వేరే స్థితి ఉన్న ఇంటికి వెళ్లి ఇబ్బంది పడకూడదన్న ఆలోచనతో మొదలైందంటారు. దేన్ని బట్టి సమానం అన్న దగ్గర పండితులు విడిపోయారు. ఇమాం మాలిక్ ధార్మికతనే ముఖ్యమన్నాడు. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పండితుల పుస్తకాల్లో మాత్రం వంశం, వృత్తి కూడా చేరాయి. నేతపని, తోళ్ల పని, క్షురక వృత్తి చేసేవాళ్లు వ్యాపారులకు సమానం కారని రాసిన వాళ్లున్నారు. ఆ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా స్వయంగా అరబ్బు కాదు, పర్షియన్ మూలాలున్న బట్టల వ్యాపారి. ప్రవక్త తన దగ్గర విముక్తుడైన బానిస జైద్‌కు ఖురేషీ వంశానికి దగ్గరి బంధువైన జైనబ్‌ను ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ పెళ్లి నిలవలేదు, అది వేరే విషయం. వంశం అడ్డమని మాత్రం ఆయన అనుకోలేదు.

భారతదేశానికి వచ్చాక దీనికి ఇక్కడి కులం తోడైంది. 14వ శతాబ్దంలో ఢిల్లీ దర్బారులో ఉన్న చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ, తక్కువ పుట్టుక ఉన్నవాళ్లకు చదువు చెప్పకూడదని నిస్సంకోచంగా రాశాడు. అరేబియా, ఇరాన్, మధ్య ఆసియా, అఫ్గాన్ నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్లు అష్రాఫ్ అయ్యారు. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ అనే నాలుగు పేర్లు అక్కడివే. ఇక్కడే పుట్టి ఇక్కడే ఇస్లాంలోకి వచ్చిన వృత్తులవాళ్లు అజ్లాఫ్. ఊడ్చే పని, పాకీ పని చేసేవాళ్లు అర్జాల్. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఈ మూడు పేర్లతోనే ఈ విభజనను వివరించింది.

ఈ మెట్లు ఎక్కాలన్న ఆశ పాతదే. పారసీలో ఒక నానుడి ఉంది: మొదట కసాయిలం, తర్వాత షేకులమయ్యాం, ఈ ఏడు ధాన్యం చవకైతే సయ్యదులం కూడా అవుతాం. నవ్వొచ్చే మాటే. కానీ దాని వెనక ఎంత అవమానం ఉంటే మనిషి తన తాత పేరు మార్చుకుంటాడో ఆలోచిస్తే నాకు నవ్వు రాదు. ఉత్తరాదిలో నేతవాళ్లు అన్సారీలయ్యారు, దూదేకులవాళ్లు మన్సూరీలయ్యారు, మంగలివాళ్లు సల్మానీలయ్యారు. మాంసం కొట్టేవాళ్లు ప్రవక్త తెగ పేరే పెట్టుకుని ఖురేషీలయ్యారు.

పింజారి అనే తిట్టు

మా తాత విల్లు నాకు బాగా గుర్తుంది. మనిషి ఎత్తు కర్ర, దానికి బిగించిన నరం తాడు. దాన్ని పైనుంచి వేలాడదీసి, చేతిలో చెక్క గూటంతో తాడును కొడుతుంటే కింద ఉన్న దూది ఎగిరి ఎగిరి విడిపోయేది. గింజల పొట్టు, దుమ్ము ఒక పక్కకు, తెల్లటి దూది ఇంకో పక్కకు. గది నిండా పొగమంచు లేచినట్టు ఉండేది. తాత కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా అయ్యేవి. చలికాలం వచ్చే ముందు ఊర్లన్నీ తిరిగేవాడు. పెళ్లిళ్లకు పరుపులు, బొంతలు, దిండ్లు చేసేవాడు. రెడ్డి ఇంట్లో, గౌడ ఇంట్లో, సయ్యద్ ఇంట్లో అందరూ ఆయన ఏకిన దూది మీదే పడుకున్నారు. రాత్రి దగ్గేవాడు. యంత్రాలు వచ్చాక విల్లు అటకెక్కింది.

ఆ పని చేసేవాళ్లను పింజారీలని కూడా అంటారు, నూర్‌బాషాలు అని కూడా. తెలుగు తెలిసిన ఎవరికైనా ‘పింజారి’ అంటే ముందు గుర్తొచ్చేది తిట్టే. పింజారి మొహం, పింజారి వేషాలు. ఆ మాట వాడే వాళ్లలో ఎక్కువమందికి అది ఒక వృత్తి పేరని కూడా తెలియదు. బడిలో నన్ను ఆ తిట్టు తిట్టిన వాళ్లలో హిందువుల పిల్లలున్నారు, ముస్లింల పిల్లలూ ఉన్నారు. కించపరిచే పేర్లతో పిలవొద్దన్న హుజురాత్ వాక్యం మా ఇంటికి ఇంత దగ్గర అన్నది ఇందుకే.

మా పెద్దవాళ్ల పేర్లు పీరయ్య, మస్తానమ్మ, హుసేనమ్మ, సైదులు. అయ్య, అమ్మ చేరిన ముస్లిం పేర్లు. పాత నల్లగొండ జిల్లాలో సైదులు అనే పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న జాన్‌పహాడ్ దర్గాలో వెలసిన సైదులు పేరది. జనవరిలో జరిగే ఉర్సుకు లక్షల మంది వస్తారు. మొక్కుకుని పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకుంటారు, అన్ని కులాలవాళ్లూ. సైదిరెడ్డి అనే పేరు మా దగ్గర మామూలే. ఒక రెడ్డి సైదిరెడ్డి అయితే అది దర్గా మీద భక్తి. దూదేకుల మనిషి సైదులు అయితే సగం ముస్లిం అన్న అనుమానం. ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

పీర్ల పండుగ సంగతీ అంతే. మొహర్రం పది రోజులు మా ఊర్లో పీర్లు ఎత్తింది దూదేకులవాళ్లు, ఫకీర్లు, వాళ్లతో పాటు మాదిగలు, ముదిరాజులు. గుండం చుట్టూ ‘హసన్ హుసేన్’ అని కాళ్లు కదిపింది ఊరంతా. ఇది ధర్మం ప్రకారం సరైనదా కాదా అన్న చర్చ వేరు, దాని మీద చిత్తశుద్ధితో వాదించే ఉలేమాలు, అంటే మత పండితులు, ఉన్నారు. నా బాధ వేరే. ‘వాళ్లకు దీన్ (ధర్మం) తెలవదు’ అని తేలిగ్గా తీసిపారేసేటప్పుడు ఆ మాట ఎవరి మీద పడుతుందో చూడండి. ఎప్పుడూ తెలుగు మాట్లాడే, పొలం పనో చేతిపనో చేసుకునే పేద ముస్లిం మీదే పడుతుంది. పెద్ద ఖాందాన్ వాళ్లు దర్గాలో చాదర్ కప్పితే అది సిల్సిలా (సూఫీ గురుపరంపర), మావాళ్లు పీరు ఎత్తితే జాహిల్‌తనం.

ఇంకో పక్క కూడా చెప్పాలి. తబ్లీగ్ జమాత్ వాళ్లు ఊరూరు తిరిగి మా పిల్లలకు నమాజు, ఖురాన్ నేర్పారు. మా బంధువుల్లో ఒకతను ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యాడు. అతని వెనక సయ్యదులు, పఠాన్లు నిలబడి నమాజు చేస్తారు. రెండు తరాల కింద ఇది ఊహకు అందని విషయం, ఆ గౌరవం చిన్నది కాదు. కానీ అతను తండ్రి పెట్టిన పేరు మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్ల ఇంట్లో పిల్లలు నాయనమ్మతో తెలుగులో మాట్లాడితే ఇప్పుడు ఎవరైనా వచ్చినప్పుడు గొంతు తగ్గిస్తారు.

వనపర్తి నుంచి వెళ్లినవాళ్లు

రంగు సంగతి తీస్తే పాలమూరు చరిత్రలోనే ఒక పేజీ ఉంది. వనపర్తి సంస్థానం రాజు దగ్గర ఆఫ్రికన్ సైనికుల దళం ఒకటి ఉండేది. దాన్ని ఆయన నిజాముకు ఇచ్చాడు. అదే నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. ఇవాళ హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని పిలిచే బస్తీ వాళ్లది. ఆ పేరు వింటే చాలామంది ఎయిర్ కండిషనర్‌తో సంబంధం ఉందనుకుంటారు. హబ్సిగూడ పేరులో ఉన్నదీ హబ్షీలే, అంటే ఆఫ్రికా మూలాలవాళ్లే. దక్కన్‌లో ఒకప్పుడు హబ్షీ అంటే అధికారం కూడా. బానిసగా అమ్ముడై వచ్చిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, 1626లో చనిపోయేదాకా మొఘలుల్ని నిలువరించాడు.

1948లో నిజాం పాలన పోయాక ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి. పెళ్లి బరాత్‌లలో హుషారెక్కించే మర్ఫా వాద్యం వాళ్లదీ, బార్కాస్‌లోని యెమెన్ మూలాల చావుష్‌లదీ. బరాత్‌లో వాళ్ల దెబ్బకు చిందేసినవాళ్లు ఇంటికి పిల్లనిస్తారా అంటే ఇవ్వరు. మామూలు ఇళ్లల్లో ‘హబ్షీ’ అనే మాట పిల్లవాడు నల్లగా పుడితే వాడే ఎగతాళి మాట. సంబంధాల గ్రూపుల్లో వచ్చే బయోడేటాలు చూడండి, ‘లడ్కీ గోరీ హోనా’, పిల్ల తెల్లగా ఉండాలి, అని మొదటి వరుసలోనే ఉంటుంది. ఆ బయోడేటా పైన బిస్మిల్లా ఉంటుంది. కాబా ఎక్కి అజాన్ ఇచ్చిన బిలాల్ పేరు మగపిల్లలకు ప్రేమగా పెట్టుకుంటాం, బిలాల్ రంగులో కోడలు మాత్రం వద్దు.

దేవరకొండ సయ్యద్, రియాద్ హిందీ

నా స్నేహితుడు ఒకతను సయ్యద్ ఖాందాన్. దేవరకొండ దగ్గర. పదేళ్లు రియాద్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చాడు. వాళ్లింట్లో షజరా ఉంది, అంటే వంశవృక్షం, ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టారు. అది ప్రవక్త కుటుంబం దాకా వెళ్తుంది. అతను చెప్పిన విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు. కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, ఇంట్లో చిన్నపిల్లాడు కూడా అతన్ని పేరుతో పిలిచేవాడు కాదట. ‘యా హిందీ’ అనేవాడట. ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి జీతం మారేది. ఈద్ నమాజులో పక్కపక్కన నిలబడేవాళ్లు, కౌగిలించుకునేవాళ్లు, తర్వాత భోజనానికి వేర్వేరు గదులు.

“ఆడ నా సయ్యద్‌తనం ఎవ్వనికి కావాలె భయ్?” అన్నాడు. “మా అమ్మీ దూదేకుల తాతను వాకిట్ల గోనె సంచి మీద కూసోబెట్టేది. చాయ్ వేరే గిలాసల పోసేది. రియాద్ల నాకు వేరే ప్లేట్ల అన్నం పెట్టిన్నాడు అది యాదికొచ్చింది.”

పాలమూరు, నల్లగొండ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎందరో ఈ అనుభవంతోనే తిరిగొచ్చారు. డబ్బు తెచ్చారు, ఖర్జూరాలు తెచ్చారు, ఈ మాట మాత్రం ఎక్కువమంది ఇంట్లో చెప్పలేదు. అరబ్బు తమను తక్కువ చేశాడని చెప్తే, తాము ఎవరిని తక్కువ చేశామన్న ప్రశ్న వెనకే వస్తుంది.

కాగితం మీద కులం

ఇంట్లో లేదని చెప్పుకునే కులం మండలాఫీసులో సర్టిఫికెట్ రూపంలో కనిపిస్తుంది. ఈ భాగంలో చాలామందికి గందరగోళం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అనేవి బీసీ-బిలో ఉన్నాయి, 2007 నాటి మార్పులకు చాలా ముందు నుంచే. మిగతా ముస్లింల కథ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇవ్వాలని 2004లో ఒకసారి, 2005లో ఒకసారి ప్రయత్నించారు. రెండూ హైకోర్టులో నిలవలేదు. తర్వాత రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం ఆధారంగా 2007లో బీసీ-ఇ కింద 4 శాతం తెచ్చారు. ఇక్కడ పద్ధతే మారింది. మతం మొత్తాన్ని ఒకటిగా చూడకుండా వెనకబడిన వర్గాలను పేరుపేరునా రాశారు. ఆ జాబితా చదివితే మన ఊరి వీధులన్నీ కళ్ల ముందుకొస్తాయి. అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీర్లు, గారడీ సాయిబులు, పాములవాళ్లు, హజాం, ఖురేషీ, ముస్లిం కటిక, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, షేక్. సిద్ది, హబ్షీ కూడా అందులోనే. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్ లాంటివాళ్లను బయట పెట్టారు. 2010లో హైకోర్టు దీన్నీ కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో ఇప్పటికీ అమలవుతోంది. 2017లో తెలంగాణ దీన్ని 12 శాతానికి పెంచుతూ బిల్లు పాస్ చేసింది కానీ కేంద్రం ఆమోదం రాలేదు.

దీని వల్ల ఏమైంది? మటన్ కొట్టేవాళ్ల పిల్ల ఎంబీబీఎస్ చదివింది, ఆటో డ్రైవర్ కొడుకు ఇంజినీరయ్యాడు. మా వైపు ప్రతి పట్టణంలో అలాంటి ఇళ్లున్నాయి. బీసీ-ఇ ముస్లింలకు మతం పేరు మీద ఇచ్చిన కానుక అని ప్రచారం చేసేవాళ్లు ఆ జాబితాను ఒక్కసారి చదవాలి. ‘మనలో కులం లేదు’ అనే మనవాళ్లూ చదవాలి. పిల్లల సీటు కోసం సర్టిఫికెట్ తెచ్చుకుని, కూతురి పెళ్లి మాటల్లో అదే విషయం దాచేవాళ్లను నేను చూశాను. తప్పు పట్టను. దాచకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

ఇందులోనూ అందనివాళ్లున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట దాదాపుగా హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలలో పాకీ పని చేసిన మెహతర్ల లాంటివాళ్లకు ఆ జాబితాలో ఇప్పటికీ చోటు లేదు. ఇస్లాంలో అంటరానితనం లేదు కదా అన్నదే దానికి చెప్పే కారణాల్లో ఒకటి. మన పెద్దలు గర్వంగా చెప్పే మాటే మనలో అందరికంటే కింద ఉన్నవాడి నోటికాడి ముద్దకు అడ్డం పడుతోంది. ఈ ఒక్క విషయం చాలు, ‘మనలో లేదు’ అనే మాట ఎంత ఖరీదైనదో తెలియడానికి.

2024లో తెలంగాణ ప్రభుత్వం చేసిన ఇంటింటి సర్వే లెక్కల్లో ముస్లింలు మొత్తం జనాభాలో 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08, ఓసీ ముస్లింలు 2.48. అంటే రాష్ట్రంలో ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు బీసీలు. మసీదు కమిటీల్లో, దర్గాల ముతవల్లీల్లో (నిర్వాహకుల్లో), వక్ఫ్ వ్యవహారాల్లో, మన పేరు మీద టీవీలో మాట్లాడేవాళ్లలో ఆ నలుగురు ఎంతమంది ఉన్నారో మీ ఊరి వరకు మీరే లెక్క చూసుకోండి.

‘ఇప్పుడెందుకీ మాటలు’

ఇవి మాట్లాడితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. బయట పరిస్థితి బాగాలేదు, అందరం కలిసి ఉండాల్సిన సమయం, ఇప్పుడు ఇవన్నీ తవ్వితే ఇత్తెహాద్, అంటే ఐక్యత, పోతుంది. దీన్ని నేను కొట్టిపారేయను. కిరాయికి ఇల్లు అడిగితే పేరు విని లేదనేవాడు సయ్యదా, దూదేకులా అని చూడడు. గొడవ జరిగితే రాయి ఖాందాన్ అడిగి తగలదు. బీసీ ముస్లింల బాధను పట్టుకుని, వాళ్ల బతుకుకు ఏమీ చేయకుండా, మిగతా ముస్లింల మీదికి ఉసిగొల్పాలని చూసే రాజకీయం ఉన్నమాట కూడా నిజమే. ఆ భయం నాకూ ఉంది.

అయితే ఒకటి అడుగుతాను. మా చిన్నమ్మ ఇంట్లో ఆ రోజు ఇత్తెహాద్‌ను తెంచిందెవరు? ప్రశ్న అడిగినామెనా, దాని గురించి రాస్తున్న నేనా? గాయం ఉన్నచోట చెయ్యి పెడితే అరిచినవాడిని తప్పుపట్టడం మనకు అలవాటైపోయింది. కలిసి ఉందాం అనే మాట ఎప్పుడూ కింద ఉన్నవాడికే చెప్తారు. సర్దుకుపొమ్మని అర్థం. పైన ఉన్నవాడికి చెప్తే దాని అర్థం మారుతుంది, పిల్లనివ్వమని, కమిటీలో కుర్చీ ఇవ్వమని.

బిహార్‌లో 1998లో అలీ అన్వర్ పస్మాందా ముస్లిం మహాజ్ పెట్టినప్పుడు కూడా ఇవే నిందలు పడ్డాయి. పస్మాందా అంటే వెనకబడిపోయినవాళ్లు. ఆ ఉద్యమం ముస్లింలను చీల్చిందా అంటే, చీలిక అంతకు ముందే ఉంది, వాళ్లు దానికి పేరు పెట్టారు. ప్రవక్త కూడా అబూజర్ విషయంలో ‘ఇప్పుడు యుద్ధాలున్నాయి, ఇవన్నీ తర్వాత చూద్దాం’ అనలేదు. అక్కడికక్కడే అన్నాడు. అబూజర్ ఆ మాట తీసుకున్నాడు. తర్వాత తను ఏ బట్ట కట్టుకుంటే తన దగ్గర పనిచేసే మనిషికి అలాంటిదే కట్టించాడు. ఆ హదీసు మొదలయ్యేదే అక్కడ. ఎవరో ఆయన్ని చూసి, ఇద్దరి ఒంటి మీదా ఒకే రకం బట్ట ఎందుకుందని అడుగుతాడు.

ఏం చేయాలి అని అడిగితే నా దగ్గర పెద్ద పథకాలేమీ లేవు. ఖుత్బా, అంటే శుక్రవారం ప్రసంగం, తెలుగులో కూడా చెప్పడం మొదలైన మసీదులు ఉన్నాయి, అక్కడ మా ఆడవాళ్లు మైకులో వినిపించే మాటను మొదటిసారి అర్థం చేసుకుంటున్నారు. ‘దీన్‌దార్ (ధర్మం పాటించేవాళ్లు) ఉంటే చాలు’ అని బయోడేటాలో రాసి, నిజంగా ఆ మాట మీద నిలబడి పెళ్లి చేసిన ఇళ్లు రెండు నాకు తెలుసు. ఒకటి మిర్యాలగూడలో, ఇంకోటి జడ్చర్లలో. ఆ రెండు ఇళ్లల్లో పెద్దవాళ్లు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. మనవడు పుట్టాక మాట్లాడుకున్నారు.

2024 నవంబర్‌లో ఆ సర్వే కోసం ఒక టీచరమ్మ మా చిన్నాయన ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పేర్లు, వయసులు, పొలం, కరెంటు అన్నీ రాసుకుని కులం దగ్గర ఆగింది. చిన్నాయన “షేక్ అని రాయండి మేడం” అన్నాడు. మా పేర్ల ముందు షేక్ ఉంది, అబద్ధమూ కాదు. పిల్లకు ఇంకా సంబంధం కుదరలేదు. ఆయన దాన్ని చూసే చెప్పాడని అందరికీ తెలుసు. చిన్నమ్మ ఏమీ అనలేదు.

మంచం మీద కూర్చున్న మా నాయనమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. ఏమడుగుతున్నదని నన్ను అడిగింది. కులం అడుగుతున్నదని చెప్పాను. చేయి ఎత్తి అటక వైపు చూపించింది. విల్లు ఇంకా అక్కడే ఉంది, తాడు ఎప్పుడో తెగిపోయింది.

“నీ తాత దూది ఏకి ఐదుగురిని సాదిండు. అదే రాయమను.”

టీచరమ్మ పెన్ను ఎత్తిపట్టుకుని చిన్నాయన వైపు చూసింది. లోపలి గదిలోంచి పిల్ల బయటికి వచ్చింది, నర్సు డ్రెస్సులోనే ఉంది, డ్యూటీకి వెళ్లే టైం. “దూదేకుల మేడం. బీసీ-బి” అని చెప్పి, చెప్పులేసుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.